తుపాను సెలవులు, ఇంట్లో పిల్లలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడిందో లేదో, విశాఖలో పిల్లల చెవులు బడి సెలవు కబురు మీదే ఉంటాయి. పెద్దవాళ్ల గుబులు వేరు. కరెంటు పోతుంది, బయటికి పంపే వీలుండదు, పిల్లలు మాత్రం నిండా హుషారుగా ఉంటారు. ఆ రోజుల గురించి వచ్చిన ప్రశ్నలివి.

ప్రశ్న: మాది ఆరో అంతస్తు, బాల్కనీ సముద్రం వైపు. పిల్లలకి తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. కిందటి తుపానుకి మధ్యాహ్నానికల్లా ఫోన్లు రెండూ ఖాళీ చేసేశారు. కరెంటు పోయింది. సాయంత్రం నుంచి ఒకటే పేచీ. ఈసారి రోజంతా ఎలా నడిపించాలి? – ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఫోను రాత్రికి దాచుకోవలసిన సరుకు. పొద్దున్నే ఇచ్చేస్తే అసలు కష్టకాలానికి చేతిలో ఏమీ మిగలదు. అక్టోబరు ఆఖర్లో మనకు సూర్యాస్తమయం సాయంత్రం 5:30 లోపే. మబ్బు పట్టిన రోజున నాలుగున్నరకే దీపం కావాలి. అందుకని వెలుతురు కావలసిన పనులు, అంటే కత్తిరించడం, రంగులేయడం, గీయడం, పొద్దుటి పూట పెట్టండి. చీకట్లోనూ సాగేవి సాయంత్రానికి ఉంచండి: తోలుబొమ్మలాట, అంత్యాక్షరి, పొడుపు కథలు, 'పేరు ఊరు జంతువు వస్తువు'. ఈ ఆఖరిది మామూలుగా కాగితం మీద ఆడతాం. చీకట్లో అయితే నోటితోనే ఆడొచ్చు.

మధ్యాహ్నం భోజనానికి ముందు ఒంటికి పని పడాలి. ఇది తప్పిందంటే సాయంత్రం పేచీ ఖాయం. హాల్లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గీయండి, బిళ్లగా మడిచిన గుడ్డముక్క వాడండి. పెంకు అయితే చప్పుడు, కింది ఫ్లాటు వాళ్లతో తగవు.

ఎక్కడ ఆడించాలన్నది మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యం. సముద్రం వైపు అద్దాలున్న గదిని ఆ పూటకు మరిచిపోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు గాజు తలుపులు, కిటికీలు పగిలిన ఇళ్లు ఎన్నో. కిటికీ లేని నడవా, లేదా లోపలి గది చాలు. చాప పరిచేస్తే అదే ఆటస్థలం. ఉన్నట్టుండి గాలి ఆగి, వాన తెరిపిచ్చి, ఎండ పొడ కూడా కనిపిస్తే 'అయిపోయింది' అని తలుపు తీయకండి. తుపాను కన్ను మీద నుంచి వెళుతున్నప్పుడు అలాగే ఉంటుంది. ఆ తర్వాత గాలి ఎదుటి దిక్కు నుంచి మళ్లీ అందుకుంటుంది. సెలవు అన్నాక రేపటి సరంజామా ఇవాళే: సుద్దముక్కలు, నూరు చింతపిక్కలు, పాత శుభలేఖలు, చీపురు ఈనెలు, దారం, టార్చికి కొత్త సెల్లులు.

ప్రశ్న: అష్టాచమ్మా, పులి మేక మా అమ్మమ్మ నేర్పింది. ఇప్పుడు గీద్దామంటే గళ్లే గుర్తు రావడం లేదు. గీసినా మావాడు ప్రతిసారీ మేకలతో ఓడిపోయి ముఖం ముడుచుకుంటున్నాడు. – గాజువాక

జవాబు: అష్టాచమ్మాకి నిలువు 5, అడ్డం 5, మొత్తం 25 గళ్లు. నాలుగు పక్కలా మధ్య గడిలో ఇంటూ గుర్తు, నట్టనడుమ గడిలో ఇంకొకటి. పక్క గళ్లు నలుగురికీ ఇళ్లు, నడిమిది పంట. మనిషికి నాలుగు కాయలు. ఇంటి నుంచి కుడివైపుగా బయటి వరస చుట్టూ 15 అడుగులు, అక్కడి నుంచి లోపలి వరసలోకి మళ్లి ఎదురు దిశలో 8 అడుగులు, ఆఖరి అడుగు పంటలోకి. మొత్తం 24. ఇంటూ గళ్లలో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు. ఒక్క కాయనైనా చంపితేనే లోపలి వరసలోకి దారి అన్న నియమం చాలా ఇళ్లలో ఉంది. అయిదేళ్ల పిల్ల ఆడుతుంటే దాన్ని ఎత్తేయండి, లేకపోతే ఆట రాత్రిదాకా తెమలదు.

గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు. ఒక పక్క మాత్రమే గరుకు గచ్చు మీద అరగదీస్తే నల్లటి తొక్క పోయి తెలుపు తేలుతుంది. గట్టిగా రుద్దితే పిక్క వేడెక్కి వేలు చురుక్కుమంటుంది, ఆ పని పెద్దవాళ్లు చేస్తే మేలు. సగానికి పైగా అరిగిందో, పిక్క పలచబడి ఎప్పుడూ ఒకే పక్కకి పడుతుంది. తెలుపు కనబడగానే ఆపండి. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే 8. ఈ రెండిటికీ మరో పందెం ఉంటుంది.

పులి మేక గీయడం ఇలా. పైన ఒక చుక్క. దాని నుంచి కిందికి విసనకర్రలా నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, రెండు పక్కలా బయటికి పొడిగించి, ఆ కొసలను నిలువు గీతలతో కలపాలి. అడుగున నాలుగు గీతల కొసల్ని కలుపుతూ ఇంకో అడ్డగీత. శిఖరం 1, మూడు వరసల్లో ఆరేసి 18, అడుగున 4, మొత్తం 23 చోట్లు. లెక్క 23 రాలేదంటే అడ్డగీతల్ని బయటికి పొడిగించడం మరిచారన్నమాట, ఎక్కువ మంది తప్పేది అక్కడే. పులులు 3, మేకలు 15. ఒక పులి శిఖరం మీద, తక్కిన రెండూ దాని కింది వరసలో లోపలి రెండు చోట్ల. మేకల్ని ఒక్కొక్కటిగా దింపాలి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదలొచ్చు, పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే.

మీవాడు ఓడిపోవడానికి కారణం మేకల్ని నడిమధ్యలో దింపడమే అయివుంటుంది. పులి దూకాలంటే మేకకి ఇవతల తను, అవతల ఖాళీ ఉండాలి. గీతలు ముగిసే చోట అవతల అన్నదే ఉండదు. పక్క నిలువు గీతల పై కొసలు రెండు, కింది కొసలు రెండు, అడుగు గీత రెండు చివర్లు. ఈ ఆరు చోట్ల ఉన్న మేకను ఏ పులీ తినలేదు. ముందు ఆ ఆరూ నింపించి, వాటికి ఆనించి తక్కినవి దింపమనండి. రెండు ఆటల్లో ముఖం విప్పారుతుంది, మూడో ఆటకి మీరే జాగ్రత్తపడాల్సి వస్తుంది.

ప్రశ్న: ఏడాదిన్నర పాప ఉంది. తుపానంటే డ్రమ్ములు, బకెట్లు నింపి పెడతాం. పాప వాటి చుట్టూనే తిరుగుతుంది, నీళ్లాటే కదా అని ఊరుకోవచ్చా? – పెందుర్తి

జవాబు: వద్దు. ఈ వయసు పిల్లలకి తల బరువు ఎక్కువ. బకెట్లోకి తొంగిచూస్తూ తలకిందులైతే తిరిగి లేవలేరు, అరవనూ లేరు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు ముప్పుకి. నింపినవన్నీ స్నానాలగదిలో పెట్టి పై గడియ వేయండి. బయట ఉంచక తప్పనివాటికి బిగుతు మూత ఉండాలి, పైన పెట్టిన పళ్లెం మూత కాదు. నీళ్లాటే కావాలంటే వెడల్పు పళ్లెంలో గ్లాసెడు నీళ్లు, రెండు చెంచాలు, మీరు పక్కనే. ఆట అయ్యాక వంపేయడం మరవకండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు దుప్పటి కట్టి, వెనకాల కొవ్వొత్తి పెట్టి నీడల ఆట ఆడించాం. నీడలు అలికినట్టు వచ్చాయి, దుప్పటి అంచు కూడా కమిలింది. సరిగా చేయడం ఎలా? – గోపాలపట్నం

జవాబు: కొవ్వొత్తిని ఈ ఆట నుంచి పూర్తిగా తీసేయండి. గుడ్డ, గాలి, పిల్లలు ఉన్నచోట మంట పనికిరాదు. పైగా కొవ్వొత్తి మంట ఊగుతుంటే నీడా ఊగుతుంది.

తెరకి దుప్పటి మందం. ఒంటి పొర తెల్ల పంచె గుమ్మానికి అడ్డంగా, ముడతల్లేకుండా బిగించి కట్టండి. కింది అంచుని రెండు బరువైన పుస్తకాల కింద నొక్కి పెడితే కదలదు. టార్చి తెరకి నాలుగైదు అడుగుల వెనక, ఆడించేవాళ్ల తల కన్నా ఎత్తులో ఉండాలి. అలా అయితే చూసేవాళ్ల కళ్లలో పడదు, ఆడించేవాళ్ల నీడా పడదు. నీడ అలుక్కుపోవడానికి రెండు కారణాలు. ఒకటి, బొమ్మ తెరకి అంటకుండా దూరంగా ఉండడం. రెండోది, వెలుగు పెద్ద మూతి నుంచి రావడం. టార్చి మూతికి అట్టముక్క కట్టి నడుమ చిటికెన వేలి గోరంత రంధ్రం చేయండి. వెలుగు కాస్త తగ్గుతుంది కానీ నీడ అంచు కత్తితో కోసినట్టు పడుతుంది.

బొమ్మలకి పాత శుభలేఖ అట్ట భేషుగ్గా ఉంటుంది. జానెడున్నర బొమ్మ గీసి చేతులు, కాళ్లు విడిగా కత్తిరించండి. అతకాల్సిన చోట సూదితో పొడిచి, దారం దూర్చి, రెండు పక్కలా లావు ముడి వేయాలి. ముడికీ అట్టకీ మధ్య బియ్యపు గింజంత వదులు ఉంచకపోతే చెయ్యి కర్రలా నిలబడిపోతుంది. వెన్నెముకగా ఒక చీపురు ఈనె, కదిలే చేతికి ఇంకో ఈనె, టేపుతో అంటించండి. ఒకే ఈనె సన్నగా వంగిపోతే రెండు కలిపి కట్టండి.

రంగు నీడలు కావాలా? మన తోలుబొమ్మల్లో తోలు పలచగా గీకి ఉంటుంది కాబట్టి వెలుగు దానిలోంచి దూరి రంగులు తెర మీద పడతాయి. అట్టతో ఆ పని జరగదు. తెల్ల కాగితం మీద స్కెచ్‌ పెన్నులతో దట్టంగా రంగులు వేసి, ఆరాక, దూదితో కొబ్బరినూనె రాయండి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో అద్దితే కాగితం అద్దంలా వెలుగుని పంపుతుంది. క్రేయాన్లు వాడితే నూనెకి కరిగి పులుముకుపోతాయి. నూనె కాగితం మెత్తగా ఉంటుంది కాబట్టి చుట్టూ అట్ట అంచు అంటించాలి.

కథ సంగతి పిల్లలకే వదిలేయండి. రాక్షసుడు వచ్చే ఘట్టంలో బొమ్మని తెర నుంచి జానెడు వెనక్కి లాగితే నీడ ఇంతై అంతై పెరుగుతుంది, అక్కడ అంచు చెదిరినా అందమే. మన ఆటలో నవ్వించే బాధ్యతంతా కేతిగాడిది, బంగారక్కది. కథ మధ్యలో ఎప్పుడంటే అప్పుడు దూరి, ఇంట్లో పొద్దుట జరిగిన గొడవ గురించి కూడా మాట్లాడేయొచ్చు. చిన్నవాళ్లకి ఆ రెండు పాత్రలూ ఇవ్వండి, డైలాగు మరిచిపోయే భయం ఉండదు.

ప్రశ్న: మైదా, ఉప్పు కలిపి బొమ్మల ముద్ద చేస్తే వాన రోజుల్లో చేతికి జిగురులా అంటుకుంటోంది. కొలత తప్పా? – కంచరపాలెం

జవాబు: కొలత తప్పు కాదు, గాలి తప్పు. రెండు కప్పుల మైదాకి కప్పు ఉప్పు అన్న లెక్క పొడి గాలికి సరిపోతుంది. మన సముద్రపు గాలిలో, అందులోనూ తుపాను రోజున, ఉప్పు చెమ్మను లాక్కుని ముద్దంతా నీరుకారుతుంది. ఉడికించిన ముద్ద చేయండి. మైదా కప్పు, ఉప్పు పావు కప్పు, నీళ్లు కప్పు, నూనె చెంచా, నిమ్మరసం 2 చెంచాలు. ఉండ లేకుండా చల్లగా ఉన్నప్పుడే కలిపి, సన్నటి సెగ మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పుతూ ఉంటే గిన్నె అంచు వదిలి ముద్దగా వస్తుంది. రంగుకి పసుపు, బీట్‌రూట్ రసం చాలు. బీట్‌రూట్ రసం పోస్తే అన్ని నీళ్లు తగ్గించాలి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉప్పు మంచిది కాదు, వాళ్లకి ఉప్పు లేని చపాతీ పిండి ఇవ్వండి.

ప్రశ్న: వాన వెలిశాక వీధిలో నిలిచిన నీళ్లలో కాగితం పడవలు వదలనివ్వొచ్చా? మేమంతా అలాగే ఆడుకున్నాం. – భీమిలి

జవాబు: తుపాను తర్వాత మాత్రం వద్దు. తెగిన కరెంటు తీగ నీళ్లలో ఎక్కడుందో తెలియదు. మూత కొట్టుకుపోయిన మురుగు గొయ్యి పైకి కనబడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాలి మీద చిన్న గాటు చాలు దానికి. కత్తి పడవలు తొట్టెలో వదిలించండి. అడుగుభాగానికి కొవ్వొత్తి ముక్క రుద్దితే పడవ త్వరగా నానదు. ఎవరి పడవ ఎన్ని రూపాయి బిళ్లలు మోస్తుందో పందెం పెట్టండి. బిళ్లలన్నీ ఒకే చోట పోస్తే ఒరిగిపోతుంది, రెండు కొసలకీ సర్దితే ఇంకొన్ని పడతాయి. ఈ కిటుకు మీరు చెప్పకండి, వాళ్లే కనిపెడతారు.

ప్రశ్న: పన్నెండేళ్ల అమ్మాయి. ఆటలు చిన్నపిల్లలవంటుంది. తుపాను గురించే ఏదైనా చేయించొచ్చా? – మధురవాడ

జవాబు: భేషుగ్గా. గ్రాఫు కాగితం మీద అడ్డంగా 80 నుంచి 92 డిగ్రీల రేఖాంశాలు, నిలువుగా 10 నుంచి 20 డిగ్రీల అక్షాంశాలు గీయమనండి. డిగ్రీకి సెంటీమీటరున్నర చొప్పున ఒక్క పేజీలో పడుతుంది. ఊళ్లు: విశాఖపట్నం 17.7, 83.3. కాకినాడ 17.0, 82.2. మచిలీపట్నం 16.2, 81.1. కళింగపట్నం 18.3, 84.1. గోపాల్‌పూర్ 19.3, 84.9. ముందున్నది అక్షాంశం. ఇది తారుమారైతే తుపాను ఏకంగా కాగితం దాటిపోతుంది. వాయుగుండం తుపానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి అది ఎక్కడుందో చెబుతుంది. ఆ చుక్క పెట్టి, టైము రాయాలి. అక్షాంశం డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. రెండు చుక్కల దూరాన్ని కొలిచి గంటకి ఎంత వేగంతో కదులుతోందో తనే కడుతుంది. రెండోసారి నుంచి టీవీ కన్నా ముందు చెప్పాలని పట్టుదల వస్తుంది.

కిటికీకి దూరంగా ఉండే, బయట కొబ్బరిచెట్టు ఎటు వాలుతోందో చూడమనండి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడ్డట్టు ఊహించుకుంటే కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. ఈశాన్యపు గాలి కొడుతోందంటే అది ఆగ్నేయాన, సముద్రంలో ఉన్నట్టు. కాగితం మీద చుక్కతో సరిపోతుందేమో చూసుకోవచ్చు.

వాన కొలవడానికి రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా కావాలి, నడుము నొక్కులు లేని తిన్నటిది. మెడ కింద కోసి, ఆ పైముక్కని తలకిందులుగా సీసాలో గరాటులా దించండి. సీసా అడుగు గుంటలుగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి కొలిస్తే తప్పొస్తుంది. గులకరాళ్లు వేసి, తిన్నటి భాగం మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీయాలి. పైకి స్కేలు కాగితం టేపుతో అంటించాలి. గోడకి ఆనించి పెడితే గోడ అడ్డం వస్తుంది, సన్‌షేడు నీళ్లు పడినా లెక్క పోతుంది. గాలి ముదరకముందే, వాన మొదట్లోనే డాబా మీద ఇటుకల మధ్య పెట్టి రండి. మళ్లీ గాలి పూర్తిగా తగ్గేవరకు పైకెక్కడం లేదు. పొద్దున్న 8:30కి చదివితే వాతావరణ శాఖ లెక్కతో పోల్చుకోవచ్చు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆ తర్వాత లెక్క ఇవ్వండి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్లు పడితే దాదాపు 9,300 లీటర్లు, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు తొమ్మిది నిండిపోయి ఇంకా పైన.

ప్రశ్న: ఈ చలికాలం అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో ఉన్నాను. మంచు పడితే ఇక్కడ బడులకి సెలవు. మనవలు ఇద్దరికీ ఏడేళ్లలోపే. మన ఊరి ఆటలేమైనా పనికొస్తాయా? – సీతమ్మధార

జవాబు: పనికొస్తాయండీ, కానీ గాలి తేడా గుర్తుపెట్టుకోండి. హీటరు పెట్టిన ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. పైన చెప్పిన మైదా ముద్ద అక్కడ గంటలో బీటలు వేస్తుంది. నూనె ఇంకో చెంచా వేసి, ఆడనప్పుడు తడిగుడ్డ కప్పండి. అదే పొడిగాలి ఇంకో వేడుక చేసిపెడుతుంది. బుడగ ఊది మనవడి జుట్టుకి పదిసార్లు రుద్దండి, గోడకి అతుక్కుని ఉండిపోతుంది. మన విశాఖ ఉక్కలో అది నిలవదు, చెమ్మ ఆ విద్యుత్తుని జారవిడుస్తుంది.

రోడ్డు పక్కది కాకుండా (అక్కడ ఉప్పు చల్లుతారు) పెరట్లో మంచు బేసినులో తెప్పించి, కింద తువ్వాలు పరిచి, చేతులకి తొడుగులు వేసి, గిన్నెలూ గరిటెలూ ఇవ్వండి. ఇడ్లీ రేకులుంటే మంచు ఇడ్లీలు వేయొచ్చు. ఒక గ్లాసు నిండా నొక్కకుండా మంచు పోసి, కరిగాక ఎన్ని నీళ్లవుతాయో ముందే పందెం కాయమనండి. తాజా మంచు పది అంగుళాలకి సుమారు ఒక్క అంగుళం నీరు, తడి మంచైతే ఇంకాస్త ఎక్కువ. పిల్లలు సగం గ్లాసని ఢంకా బజాయించి చెబుతారు.

ఇక మీ చేతిలో ఉన్న విద్య, ముగ్గు. మంచు రేకుకి ఆరు కొమ్మలుంటాయి. 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు పెడితే వరసలు 4, 5, 6, 7, 6, 5, 4 వస్తాయి. మొత్తం 37 చుక్కలు, అచ్చంగా ఆరు మూలల ఆకారం. నడిమి చుక్క నుంచి ఆరు మూలలకీ గీతలు గీసి, ఒక్కో గీతకి కొమ్మలు వేస్తే మంచు రేకే. తివాచీ ఇళ్లలో ముగ్గుపిండి కుదరదు, నల్ల చార్టు మీద తెల్ల సుద్దతో వేయించండి. ఎదురుచుక్క పెట్టారంటే నాలుగు పలకలై కూర్చుంటుంది, కాబట్టి చుక్కలు మీరే పెట్టి గీతలు వాళ్లకివ్వండి. అసలు రేకుని చూపించాలంటే ఇంకో నల్ల చార్టు ముక్కని పది నిమిషాలు బయట చలిలో ఉంచి, మంచు పడుతుంటే దాని మీద పట్టుకోవాలి. వెచ్చటి చార్టు మీద పడీపడకముందే కరిగిపోతుంది. భూతద్దం చేతికిచ్చి, ఊపిరి మాత్రం పక్కకి వదలమనండి.